మాయమైన మొన

సెప్టెంబరు 18, గురువారం

మళ్ళీ ఆసిలోస్కోపు తెర మీద వేలి గుర్తులు. జంతికల నూనె. నేను క్లాసు చెబుతుండగా హెచ్‌ఓడీ గారు ల్యాబుకి వచ్చి చూసి వెళ్ళారన్నమాట. నా పీహెచ్‌డీకి ఆయనే గైడు కాబట్టి చూడొచ్చు. చేతులు కడుక్కుని చూడకూడదా? తెరంతా స్పిరిట్‌తో తుడిచాను. నాబులు కూడా ఒక్కొక్కటీ తుడిచాను. ఆ వాసన మాత్రం బస్సెక్కేదాకా నా ముక్కులోనే ఉంది.

మొన ఉంది. తెర మీద గ్రాఫులో లేచే ఆ మొన తుడవక ముందూ ఉంది, తుడిచాకా ఉంది.

సెప్టెంబరు 19

వచ్చే నెల సెమినార్. మొదట్లో చెప్పాల్సిన నాలుగు ముక్కలు ఇక్కడ రాసుకుంటాను. తెలుగులో రాస్తే అర్థమైందో లేదో నాకే తెలిసిపోతుంది.

ఒక కాయిల్, ఒక కెపాసిటర్ — ఇదొక లంకె. పక్కన అలాంటిదే ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఇలాగే. ఈ చివర ఒకసారి కదిపితే మొదటి లంకె రెండోదానికి అందిస్తుంది, రెండోది మూడోదానికి... అలా తరంగం సాగిపోతుంది. లంకెలన్నీ ఒకేలా ఉన్నంతసేపూ ఎక్కడా ఆగదు. ఒక్కటి తేడాగా ఉంటే అక్కడ చీలుతుంది — కొంత ముందుకు, కొంత వెనక్కి.

నేను కావాలనే రెండు లంకెల్లో కెపాసిటర్లు మార్చాను. రెండింటికీ మధ్య కొంత దూరం ఉంచాను. ఆ మధ్యలో తరంగం చిక్కుకుంటుంది. అటు తగిలి ఇటు, ఇటు తగిలి అటు. అవతలికి దాటేది తక్కువే. కానీ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రం రెండు అడ్డాలూ లేనట్టే దాటిపోతుంది. గ్రాఫులో అక్కడ సన్నగా మొన లేస్తుంది.

ఆ మొనే నా పీహెచ్‌డీ. తక్కినదంతా ఎవరో ఒకరు ఎప్పుడో చేసేసిందే.

సెప్టెంబరు 20

మొన చూపించాను. హెచ్‌ఓడీ గారు జంతిక కొరుకుతూనే చూశారు.

"లూజ్ కాంటాక్టమ్మా అది."

"అన్నీ మళ్ళీ సోల్డర్ చేశాను సార్."

"అయితే నాయిస్. నా పేపర్లో కర్వ్ చూసేవు కదా. ఎంత నున్నగా వస్తాదో..."

ఆయన పేపరు నేను స్కూల్లో ఉన్నప్పటిది. ఆయన లెక్కలో అడ్డం ఒక్కటే ఉంది. ఒక్క అడ్డం ఉంటే మొన రాదు, రెండుంటే వస్తుంది. పెన్సిలు పెట్టి గీసి చూపించాను. తల ఊపారు. ఊపుతూనే ఫోను తీశారు. ఒళ్ళు మండిపోయింది.

సెప్టెంబరు 21, ఆదివారం

మా ఆయనకి భోజనం క్యారియరు ఇవ్వడానికి బెల్లం కొట్టుకి వెళ్ళాను. బెల్లం దిమ్మలు వరసగా, పచ్చగా, మెరుస్తూ. మూల ఒక నల్ల దిమ్మ ఉంటే అది ఎందుకు వేరుగా పెట్టారని అడిగాను. ఆయన నవ్వారు.

"రంగొచ్చే మందు కలపలేదే దాంట్లో. చీడికాడ రైతు తెచ్చేడు. మంచి బెల్లం అదే."

"మరి అమ్మరేం?"

"నల్లగుంటే ఎవుడు కొంటాడు? నువ్వు కొంటావా?"

కొననేమో. ఈగల్ని తోలుకుంటూ ఇంటికి వచ్చేశాను. చెప్పులకి పాకం అంటుకుని నడిచినంతసేపూ చిటచిట. స్నానం చేశాక గానీ మనిషిని కాలేకపోయాను.

సెప్టెంబరు 23

అచ్యుతాపురం కంపెనీ బస్సుల వెనక మా కాలేజీ బస్సు. కిటికీ మూస్తే చెమట కంపు, తీస్తే పొగ. పక్క సీట్లో మేడమ్ పచ్చి ఉల్లిపాయ వేసిన ఉప్మా తింటోంది. ఛీ.

ఇవాళ కూడా మొన అక్కడే ఉంది. అదే ఫ్రీక్వెన్సీ. వెనక్కి వచ్చిందీ, అవతలికి వెళ్ళిందీ కలిపితే నేను పంపినదానికి దాదాపు సరిపోతోంది. ఎక్కడా పారేసుకోలేదు. చాలా రోజులకి కడుపు నిండా అన్నం తిన్నాను.

సెప్టెంబరు 26

రేపటి నుంచి దసరా సెలవులు. బోర్డు మీద ఉతికిన నూలు గుడ్డ కప్పాను. తాళం మా ల్యాబ్ అటెండర్ సింహాచలానికి ఇచ్చాను.

"ఆయుధపూజకి తెరుత్తానండి మేడమ్. మీరేటీ బెంగెట్టుకోకండి. నానున్నాను గదా."

"నా బోర్డు ముట్టుకోకు."

"ముట్టుకోనండి."

అక్టోబరు 6, సోమవారం

రోత. ల్యాబంతా రోత.

ప్రతి మీటరుకీ మూడు పసుపు చారలు, మధ్యన కుంకుమ బొట్టు. స్కోపు తెరకి కూడా. పవర్ సప్లై మీద వాడిపోయిన బంతిపూలు. కింద కుళ్ళిన నిమ్మచెక్క, దాని మీద సన్నటి ఈగలు. నా బోర్డు మీద కప్పిన గుడ్డ మడతపెట్టి పక్కన ఉంది. ప్రతి కాయిల్‌కీ బొట్టు. ఒక్కటి కూడా వదల్లేదు.

దేవుడంటే నాకు కోపం లేదు. మా ఇంట్లో నేనూ దీపం పెడతాను. దేవుడి పేరు చెప్పి తడి చేత్తో దేన్నైనా పులిమేయొచ్చు అనుకుంటారు చూడు, అది నాకు కంపరం. పొడిగుడ్డతో ఒక్కో బొట్టూ తుడుస్తూ కూర్చున్నాను. సింహాచలం గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

అక్టోబరు 7

మొన లేదు.

అక్టోబరు 8

లేదు. సిగ్నల్ జనరేటరు మార్చాను, ప్రోబు మార్చాను, వైర్లు మార్చాను. మొన ఉండాల్సిన చోట చిన్న గూను కూడా లేదు. నున్నగా వాలు. ఇంకో సంగతి — వెనక్కి వచ్చింది, అవతలికి వెళ్ళింది కలిపితే ఇప్పుడు పంపినదానికి చాలా తక్కువ వస్తోంది. మిగిలింది ఎటు పోయినట్టు?

హెచ్‌ఓడీ గారు వెనక నుంచి వంగి చూశారు. భుజం దగ్గరే జంతికల ఊపిరి.

"ఏటమ్మా ఇది! అచ్చం నా కర్వే కదా!"

"మొన పోయింది సార్."

"పోయింది కాదమ్మా, క్లీనయ్యింది. చెప్పేను కదా లూజ్ కాంటాక్టని. అమ్మవారి దయ."

తెరని ఫోనుతో ఫొటో తీసుకున్నారు. రీడింగుల షీటు కూడా పట్టుకుపోయారు. ఆయన వెళ్ళాక తెర మీద మళ్ళీ నూనె.

అక్టోబరు 10

నాకే అనుమానం వస్తోంది. మొదటి నుంచీ అది లూజ్ కాంటాక్టేనా? ఇన్నాళ్ళూ ఒక చెడ్డ సోల్డర్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగానా?

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. "సారుకి నచ్చింది కదా, ఇంకేటి నీ బాధ?" అన్నారు. ఇంట్లో అదే, కాలేజీలో అదే. పచ్చగా మెరిస్తే చాలు వీళ్ళకి.

అక్టోబరు 13, సోమవారం

చీమలు.

కిటికీ సందులోంచి బల్ల కాలు మీదుగా నా బోర్డు మీదికి. బొట్లు పెట్టిన చోటికి కాదు, బోర్డంతా. కెపాసిటర్ల కాళ్ళ చుట్టూ గుంపులు. ముక్కు దగ్గర పెట్టి చూస్తే పులిసిన వాసన. వేలితో తాకితే జిగట.

సింహాచలాన్ని పిలిచాను.

"ఏం పోశావు దీని మీద?"

"ఏటీ పొయ్యలేదండి."

"సింహాచలం!"

"కాయ కొట్టి నీల్లు సల్లేనండి. పూజ గదా మేడమ్. మిసన్లన్నిటికీ సల్లుతాం గదా."

"కొబ్బరినీళ్ళా? దీని మీదా?"

వాడు తల దించుకున్నాడు. "మీ బోర్డుకి ఎక్కువ సల్లేనండి. మీకు పీయెచ్డీ వచ్చీయాలని మొక్కుకున్నాను. ఒక కాయంతా దీనికే..."

తిడదామని నోరు తెరిచాను. మూసుకుని చీమల్ని దులపడం మొదలెట్టాను.

అదే రోజు, ఇంటికొచ్చాక

ఇప్పుడు తెలిసింది. కొబ్బరినీళ్ళలో ఉప్పు, తీపి. ఆరిపోయినా పొర ఉండిపోతుంది, మన గాలిలో తడి పీలుస్తూనే ఉంటుంది. ప్రతి కెపాసిటర్ పక్కనా కరెంటు ఆ పొరలోంచి కొంచెం కొంచెం కారిపోతోంది. మొన లేవాలంటే తరంగం ఆ రెండు లంకెల మధ్య చాలాసార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ కొంత ఆ జిగటలోకి పోతుంటే ఇంక లేవడానికి ఏం మిగులుతుంది? గ్రాఫు నున్నగా వస్తుంది. హెచ్‌ఓడీ గారి గ్రాఫులాగే వస్తుంది.

నాది లూజ్ కాంటాక్ట్ కాదు. కొంచెం ఏడ్చాను కూడా.

అక్టోబరు 14

హెచ్‌ఓడీ గారికి అంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, లేచి గది తలుపు వేశారు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పేవా?"

"లేదు సార్."

"చెప్పకు. పూజ చేత్తే ప్రయోగం పాడైందని అంటే ఏటవుతాదో తెలుసా? మేనేజ్‌మెంటు ఊరుకుంటాదా? ముందు ఆ సింహాచలం గాడిని పీకేత్తారు. తరవాత నిన్ను నాస్తికురాలంటారు."

"నేను పూజని అనడం లేదు సార్. కొబ్బరినీళ్ళని అంటున్నాను."

"ఆ తేడా ఎవడు వింటాడమ్మా?"

అది మాత్రం నిజమే. అందుకే ఇంకా అసహ్యం వేసింది.

అక్టోబరు 15

కడిగాను. స్పిరిట్, పాత టూత్‌బ్రష్. ఒక్కో లంకె. సోల్డర్ మీద పచ్చగా పట్టిన కిలుము గీకాను. చచ్చిన చీమలు కాయిల్ చుట్ల మధ్యన ఇరుక్కుని ఉంటే సూదితో తీశాను. సింహాచలం దీపం పట్టినట్టు టేబుల్ ల్యాంపు పట్టుకుని నిలబడ్డాడు.

"నా వల్లే గదా మేడమ్ ఇదంతా."

"ల్యాంపు కదపకు."

హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, స్కోపు పెట్టి, ఫ్రీక్వెన్సీ మెల్లగా పెంచుకుంటూ వెళ్ళాను. వాలు... వాలు... లేచింది. ఇదివరకటి కన్నా కాస్త పొట్టిగా. అక్కడే లేచింది.

"ఏటండది?" అన్నాడు సింహాచలం.

"అదే నా మొన."

"ఓస్, ఇంతేనా?" అన్నాడు. ఈ నెలలో మొదటిసారి నవ్వాను.

అక్టోబరు 16

నవ్వు ఒక్క పూటే. సెమినార్‌కి ఇచ్చే సారాంశం హెచ్‌ఓడీ గారు పంపేశారట, దసరా తరవాతి గ్రాఫుతోనే. పరీక్షించడానికి విశాఖ నుంచి వచ్చే ప్రొఫెసర్‌కి కాపీ కూడా అందిందట. నన్ను అడగలేదు.

"కొత్త రీడింగులు తీశాను సార్. మొన తిరిగొచ్చింది."

"ఇప్పుడు మార్చితే ముందుదేటి, ఇదేటి అని అడుగుతారు. రిజిస్ట్రేషన్ టైము అయిపోతంది. మళ్ళీ మొదటి నుంచి మొదలెడతావా? ఈ కర్వ్‌తో వెళ్ళిపో. మొన మీద తరవాత వేరే పేపరు రాసుకుందాం."

రాసుకుందాం. అందులో ఆయన పేరు ముందుంటుంది.

అక్టోబరు 20

దీపావళి. ఊరంతా మందు పొగ. తలుపులు మూసుకుని స్లైడ్లు చూసుకున్నాను. హెచ్‌ఓడీ గారు చేసిన స్లైడ్లు. ఎంత అందంగా ఉన్నాయో. మొన తప్ప అన్నీ ఉన్నాయి.

అక్టోబరు 24, శుక్రవారం

అయిపోయింది.

కొంచెం నిదానంగా రాయాలి.

హాలు నిండా జనం. విద్యార్థులని కూర్చోబెట్టారు. సమోసా వాసన ముందు నుంచే. విశాఖ ప్రొఫెసర్ సన్నగా, పొట్టిగా, అరిగిపోయిన చెప్పులతో వచ్చారు. మొదటి వరసలో కూర్చుని కాగితం మీద ఏదో కూడుకుంటూనే ఉన్నారు. నున్నటి గ్రాఫు తెర మీదికి రాగానే చెయ్యెత్తారు.

"అమ్మా, ఒక చిన్న సందేహం. వెనక్కి ఇంత వచ్చింది. అవతలికి ఇంత వెళ్ళింది. రెండూ కలిపితే మీరు పంపింది రావడం లేదు. మిగతాది ఎటు వెళ్ళింది?"

హెచ్‌ఓడీ గారు లేచి — "లాసెస్ సార్."

"ఆవిడని చెప్పనివ్వండి."

అందరూ నా వైపు తిరిగారు. వెనక గుమ్మం దగ్గర సింహాచలం సమోసాల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు నా నోట నిజమే వచ్చేసింది —

"కొబ్బరినీళ్ళలోకి వెళ్ళింది సార్."

హాలంతా నవ్వు. పిల్లలు బల్లలు చరిచారు. హెచ్‌ఓడీ గారు అందరికన్నా గట్టిగా నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. "మా మేడమ్ ఎప్పుడూ ఇంతే సార్, భలే సరదా మనిషి." నేనా! సరదా మనిషి!

ఇంకో ముక్క చెప్పి ఉండాల్సింది. జోకు కాదండీ, దసరాకి నిజంగానే... అని. చెప్పలేదు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. ఆగాక తరవాతి స్లైడు వేశాను.

థీసిస్ పెట్టుకోవచ్చని ఆమోదించారు. చప్పట్లు. చేతిలో సమోసా పెట్టారు. నూనె వేళ్ళ దాకా కారింది.

అక్టోబరు 25

స్టాఫ్ రూములో అదే జోకు. చాక్‌పీస్ కనిపించకపోతే కొబ్బరినీళ్ళలోకి పోయింది. అటెండెన్స్ తగ్గితే కొబ్బరినీళ్ళలోకి పోయింది. పళ్ళికిలించి నా వైపు చూస్తారు.

నిజాన్ని నలుగురిలో నిలబడి చెప్పినా ఇంత తేలిగ్గా చప్పరించేస్తారని తెలియదు.

అక్టోబరు 27

సింహాచలం ల్యాబులో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చాడు.

"మేడమ్, నా పేరు సెప్పేరా ఆ పెద్దసారికి?"

"లేదు."

"సెప్పకండి మేడమ్. నాది కాంట్రాటు పనండి. కె.కోటపాడులో మాయావిడికి ఒంట్లో బాగోనేదు. మీ కోసమే గదా సేసేను..."

నా కోసమే. అదే కదా నా ఖర్మ. చేసినవాడు చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది.

అక్టోబరు 29

థీసిస్ బైండింగ్ నుంచి వచ్చింది. కొత్త రెక్సిన్ వాసన. మధ్యలో తెరిస్తే అదే గ్రాఫు, పేజీ నిండా. దాని ముందు నా సంతకం కోసం ఒక కాగితం — ఇందులోని కొలతలన్నీ నేనే స్వయంగా చేశాను, ఎక్కడి నుంచీ తీసుకోలేదు, దేన్నీ దిద్దలేదు.

రెండుసార్లు చదివాను. ఒక్క అబద్ధం లేదు. నేనే చేశాను, దిద్దలేదు. కాదనడానికి ఒక్క మాట దొరికినా పెన్ను కింద పెట్టేసేదాన్ని.

అక్టోబరు 31, శుక్రవారం

సంతకం పెట్టేశాను.

సింహాచలం కోసం పెట్టానని మధ్యాహ్నం దాకా నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రానికి ఆ మాట కూడా కంపు కొట్టింది. వాడి పేరు ఎత్తకుండానే నిజం చెప్పొచ్చు. దుమ్ము పడింది, తడి పట్టింది, కడిగాక ఇలా వచ్చింది — అని రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టొచ్చు. అది నాకు మొన్ననే తెలుసు. అయినా పెట్టాను. అలిసిపోయాను, డాక్టర్ అనిపించుకోవాలని ఉంది, అంతే.

హెచ్‌ఓడీ గారు కాగితం తీసుకుని ఊదారు, సిరా ఆరాలని. జంతికల తునకలు పడ్డాయి దాని మీద. సోమవారం ఆయనే స్వయంగా విశాఖ యూనివర్సిటీకి తీసుకెళ్ళి ఇస్తారట.

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. "ఏటే అలా రుద్దుతున్నావు, తోలు ఊడిపోద్ది" అన్నారు మా ఆయన.

నవంబరు 1, శనివారం

ఇవాళ పొద్దున్న వంట చేస్తుంటే ఫోను. తెలియని నంబరు. విశాఖ ప్రొఫెసర్.

"అమ్మా, ఆ రోజు హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది, మీరు నవ్వలేదు."

పొయ్యి మీద పప్పు పొంగుతోంది. కట్టేయడానికి చెయ్యి రాలేదు.

"మీరు వేసిన అమరికకి అక్కడ ఒక మొన రావాలి. లెక్క కట్టాను. ఎందుకు రాలేదో తెలియక రెండు రోజులుగా కూర్చున్నాను. మీరు అన్నది నిజమేనా? నిజంగా కొబ్బరినీళ్ళేనా?"

మొన రావాలి అన్నారు. చూడకుండానే అన్నారు. ఈ భూమ్మీద ఇంకొకరికి తెలుసు.

"సోమవారం పొద్దున్న నేనే అనకాపల్లి వస్తాను. ఆ బోర్డు నాకు చూపిస్తారా? థీసిస్ ఇంకా నా దాకా రాలేదు కదా. వచ్చాక అయితే నేను పరీక్షకుణ్ణి, మీతో ఇలా మాట్లాడటానికి ఉండదు."

వెనక నుంచి మా ఆయన — "ఏటి మాడుతోంది?"

"లైన్లో ఉన్నారా అమ్మా?"

"ఉన్నాను సార్" అన్నాను.

ఇప్పటికి అంతే అన్నాను. పొయ్యి కట్టేసి వచ్చేసరికి లైను దానంతటదే కట్టయింది. నంబరు ఉంది నా దగ్గర.